పాలు తాగిన వినాయకుడు, ఎర్రబడిన సంకటి

1995 సెప్టెంబరు 21, గురువారం. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. దక్షిణ ఢిల్లీలోని ఒక గుడిలో ఎవరో భక్తుడు వినాయకుడి తొండం దగ్గర చెంచాతో పాలు పెడితే చెంచా ఖాళీ అయింది. మధ్యాహ్నానికల్లా ఆ కబురు దేశమంతా పాకింది. అప్పటికి సెల్‌ఫోన్ ఇంటింటికీ రాలేదు, వాట్సాప్ ఊసే లేదు. ఆ పనంతా ఎస్టీడీ బూతులే చేసిపెట్టాయి. ఆఫీసులు పలచబడ్డాయి. గుళ్ల ముందు గిన్నెలు, చెంబులు, పాల ప్యాకెట్లు పట్టుకుని జనం బారులు తీరారు. పాలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. సాయంత్రానికి లండన్ శివారు సౌతాల్‌లోని గుడిలోనూ ఇదే వరస.

పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలమది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ తరఫున కొందరు శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలు తీసుకుని ఢిల్లీలోని ఒక గుడికి వెళ్లారు. తెల్లటి పాలు తెల్లటి పాలరాతి మీద జారితే కంటికి ఆనవు. రంగు పాలు అలా కాదు. చెంచాలోంచి మాయమైన పాలన్నీ తొండం మీదుగా, బొజ్జ మీదుగా సన్నటి పొరలా కిందికి దిగుతూ అందరికీ కనిపించాయి.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. చెంచా నిండా పాలు పోస్తే పాల మట్టం అంచు దాటి కొంచెం ఉబ్బెత్తుగా నిలుస్తుంది, అయినా ఒలకదు. ద్రవం పైపొరలోని అణువులు ఒకదాన్నొకటి లాగి పట్టుకోవడమే దానికి కారణం. తలతన్యత అని బడి పుస్తకాల్లో చదువుకున్నది దీన్నే. ఆ ఉబ్బెత్తు అంచును ముందే తడిపి ఉంచిన రాతికి ఆనించాలి. పాలకు, తడి రాతికి మధ్య ఒక వంతెన ఏర్పడుతుంది. రాతి మీది తడి పాలను తనవైపు లాక్కుంటుంది. ఒకసారి ధార మొదలైందంటే మిగతా పని భూమ్యాకర్షణ చూసుకుంటుంది. చెంచా ఖాళీ అవుతున్నకొద్దీ పట్టుకున్న చెయ్యి కూడా తెలియకుండానే కాస్త వంగుతుంది. పొద్దున్నే అభిషేకం అయిన విగ్రహాలు ఎలాగూ తడిగానే ఉంటాయి. నల్లరాతి సన్నికల్లు మీద ఇదే పని చేస్తే పాలు ఎటు పోతున్నాయో వెంటనే తెలిసిపోతుంది. పాలు తాగడానికి వినాయకుడే కానక్కర్లేదు, సన్నికల్లూ తాగుతుంది.

ఈ వివరణ ఆ రెండు రోజుల్లోనే పేపర్లలోకి, టీవీలోకి వచ్చింది. విన్నవాళ్లలో చాలామంది ఔనా అనుకుని ఊరుకున్నారు. మోసపోయామని గొడవ చేసినవాళ్లు తక్కువ. 2006 ఆగస్టులో విగ్రహాలు మళ్లీ పాలు తాగుతున్నాయని వార్త పుడితే మళ్లీ బారులు కట్టారు. అదే వారంలో ముంబై మాహిం దగ్గర సముద్రపు నీళ్లు తియ్యబడ్డాయని సీసాల్లో పట్టుకున్నారు. ఆ వానాకాలంలో మీఠీ నది మోసుకొచ్చిన మంచినీళ్లు ఉప్పునీళ్లలో కలవడమే అక్కడ జరిగింది. నది పేరు మీఠీ, అంటే తీపి, అయినా అందులో కలిసేవి ఊరి మురుగు, ఫ్యాక్టరీల మురుగు. అధికారులు వద్దని మొత్తుకున్నా తాగినవాళ్లు తాగారు.

అసలు కారణం చెప్పాక కూడా జనం మళ్లీ ఎందుకు వస్తారన్నది హేతువాదులను విసిగించే ప్రశ్న. జనం మూర్ఖులు గనక అన్నది సులువైన జవాబు, కానీ తప్పు జవాబు. ‘అద్భుతం’ అన్నప్పుడు మనిషి ఒకే మాటలో రెండు సంగతులు చెబుతున్నాడు. ఒకటి లోకం గురించి: ఇది మామూలుగా జరిగేది కాదు. రెండోది తన గురించి: ఇది నాకోసం, నా కళ్ల ముందు జరిగింది. తలతన్యత మొదటిదానికి బదులు చెబుతుంది. రెండోదాని జోలికి అది పోదు, పోనూ లేదు.

మొదటి సంగతిని మాత్రం కొలవవచ్చు. కొలిచినవాళ్లకు దొరికినవి ఒక్కోసారి అద్భుతం కన్నా పెద్ద విషయాలు.

‘మామూలుగా జరిగేది కాదు’ అంటే ఎంత అరుదుగా జరిగేది? శ్రీనివాస రామానుజన్ 1913లో కేంబ్రిడ్జికి పంపిన ఉత్తరాన్ని గణిత శాస్త్రవేత్త హార్డీతో కలిసి కూర్చుని పరిశీలించిన జె.ఇ. లిటిల్‌వుడ్‌కు ఇలాంటి లెక్కలంటే సరదా. ఆయన పేరు మీద భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్ ప్రచారంలోకి తెచ్చిన ఒక సూత్రం ఉంది. పదిలక్షల్లో ఒకసారి జరిగేదాన్ని అద్భుతం అనుకుందాం. మనిషి మెలకువగా, చురుగ్గా ఉండే సమయం రోజుకు 8 గంటలు. ఆ సమయంలో సెకనుకు ఒకటి చొప్పున ఏదో ఒకటి చూస్తుంటాడు, వింటుంటాడు. రోజుకు 28,800 సంఘటనలు, 35 రోజులకు పదిలక్షల పైచిలుకు. అంటే సగటున నెలకో అద్భుతం ప్రతివాడికీ రాసిపెట్టి ఉన్నట్టే. సెకనుకు ఒక సంఘటన అన్నది కాకిలెక్కేనని ఎవరైనా అనవచ్చు. కాకిలెక్కే. కానీ లెక్క నడిచే దారి సరైనదే.

కాకిలెక్క కానిది ఒకటి అమెరికాలో దొరుకుతుంది. 1980ల నడుమ న్యూజెర్సీలో ఒకావిడ నాలుగు నెలల్లో రెండుసార్లు లాటరీ గెలిచింది. అది 17 లక్షల కోట్లలో ఒకసారి జరిగేదని పత్రికలు రాశాయి. పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు ప్రశ్నను తిరగేశారు. ఆ ఒక్క మనిషి, ఆ రెండు టికెట్లతోనే గెలవాలంటే పత్రికల లెక్క నిజమే. అమెరికాలో కోట్లమంది, ఏళ్ల తరబడి, వారం వారం కట్టలకొద్దీ టికెట్లు కొంటారు. వాళ్లలో ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట రెండోసారి గెలవడం ఎంత అరుదు? ఏడేళ్ల వ్యవధి తీసుకుంటే జరగకపోవడం కన్నా జరగడానికే ఎక్కువ అవకాశం. నాలుగే నెలలైనా ముప్పైలో ఒక వంతుకు పైనే. గెలిచినావిడకు ఈ లెక్క చెబితే ఏమనేదో ఊహించవచ్చు. ఆవిడ దృష్టిలో టికెట్ కొన్నది కోట్లమంది కాదు, తనొక్కతే.

నెబ్రాస్కా రాష్ట్రం బియాట్రిస్ పట్టణంలో 1950 మార్చి 1న జరిగింది ఇంకా గట్టి ఉదాహరణ. సాయంత్రం చర్చిలో గాయక బృందం సాధన ఉంది. రావలసినవాళ్లు పదిహేను మంది. సాధన మొదలుకావలసిన వేళ దాటిన కొద్ది నిమిషాలకే చర్చి పేలి నేలమట్టమైంది. లోపల ఒక్కరూ లేరు. ఆ రోజు పదిహేను మందికీ ఆలస్యమైంది. ఒకమ్మాయి జ్యామితి లెక్క తేలక ఆగిపోయింది. ఒకరి కారు స్టార్టు కాలేదు. ఒకరికి రేడియో కార్యక్రమం చివరిదాకా వినాలనిపించింది. పాస్టరు భార్య కూతురి గౌను ఇస్త్రీ చేస్తూ ఉండిపోయింది. కారణాల్లో దైవికంగా తోచేది ఒక్కటీ లేదు, అన్నీ రోజూ ఇళ్లలో జరిగేవే. పైగా మనుషులు పదిహేను మంది గానీ కారణాలు పదిహేను కావు. తల్లి బయల్దేరకపోతే కూతురు బయల్దేరదు, కారున్నవాళ్లు ఆగితే వాళ్ల కారెక్కేవాళ్లూ ఆగుతారు. అలా చూస్తే అరుదుతనం కొంత తగ్గుతుంది. అయినా చాలానే మిగులుతుంది. ఇక్కడ గణాంకాలు చెప్పగలిగింది ఒక్కటే: అందరూ వేళకు వచ్చాక కూలిన కట్టడాల పేర్లు ఎవరూ అద్భుతాల జాబితాలో రాయరు.

అరుదైనవే కాదు, అసలు వీలుకాదని తోచేవీ అద్భుతాలే. తెలుగు పల్లెల్లో నిప్పుల గుండం తొక్కడం కొత్త కాదు. వీరభద్రుడి సంబరాల్లో తొక్కుతారు. కొన్ని ఊళ్లలో పీర్ల పండుగ రోజుల్లో అలావా నిప్పుల మీద హిందువులూ ముస్లింలూ కలిసి నడుస్తారు. దీన్ని పరీక్షకు పెట్టిన మొదటివాళ్లలో లండన్‌కు చెందిన హ్యారీ ప్రైస్ ఒకడు. 1935లో అతను ఏర్పాటు చేసిన పరీక్షలో కశ్మీర్ నుంచి వెళ్లిన కుదా బక్ష్ అనే గారడీవాడు ఇంగ్లండులోని సర్రేలో వైద్యులు, శాస్త్రవేత్తల ఎదుట గుండం తొక్కాడు. నిప్పుల పైభాగంలో వేడి 430 డిగ్రీల సెల్సియస్ వరకు ఉందని కొలిచారు. అతని పాదాలకు చెప్పుకోదగ్గ గాయమేదీ కాలేదు. మంత్రమూ కాదు, అరికాలికి పూసిన పసరూ కాదు. వేడిగా ఉండటం వేరు, ఆ వేడిని చేతికో కాలికో అందించడం వేరు. ఉడుకుతున్న ఇడ్లీ పాత్ర మూత తీసి ఇడ్లీని వేలితో నొక్కి చూసే అమ్మ, అదే ఆవిరిలో ఉన్న రేకును ఉత్త చేత్తో పట్టుకోదు. బొగ్గు ఇడ్లీ కోవకు చెందినది. వేడిని చాలా నెమ్మదిగా వదులుతుంది, పైన పేరుకున్న బూడిద ఇంకాస్త అడ్డుపడుతుంది. ఒక్కో అడుగు ఆనేది అర సెకను. తడబడి ఆగినవాళ్లకు, బొగ్గు ముక్క వేళ్ల మధ్య ఇరుక్కున్నవాళ్లకు బొబ్బలెక్కుతాయి, భక్తి ఎంత ఉన్నా సరే. అదే వేడిలో ఇనుప రేకు పరిస్తే ఎవరూ నడవలేరు.

నాస్తికవాది గోరా స్థాపించిన విజయవాడ నాస్తిక కేంద్రం దశాబ్దాలుగా ఈ నడకను బహిరంగంగా చేసి చూపిస్తోంది. నాస్తికులు నడిచినా కాలవు. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా బళ్లలో చేసే ప్రదర్శనలూ ఈ కోవవే. పొటాషియం పర్మాంగనేట్ పొడి మీద గ్లిజరిన్ పోసి కాసేపు ఆగితే అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది. చూసేవాళ్ల కళ్లకు గ్లిజరిన్ నెయ్యిలా కనిపిస్తుంది. పసుపు రాసిన నిమ్మకాయను సున్నం పూసిన కత్తితో కోస్తే ‘రక్తం’ వస్తుంది. పారాణి కలిపిన ప్రతి పెళ్లింటికీ తెలిసిన రసాయన శాస్త్రమే. ఈ ప్రదర్శనలు పిల్లలకు చాలా మంచివి, ఒక్క చిన్న షరతుతో. ఫలానా మహిమను గారడీతో చేయవచ్చని అవి రుజువు చేస్తాయి. ఫలానా బాబా గారడీయే చేశాడని రుజువు కావాలంటే బాబా చెయ్యినే పట్టుకుని చూడాలి.

జబ్బుల దగ్గరికి వచ్చేసరికి ఈ ధీమా సడలుతుంది. ‘డాక్టర్లే చేతులెత్తేశారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు, చూడండి ఇప్పుడు ఎలా తిరుగుతోందో’ అనే మాట వినిపించని తెలుగు ఇల్లు ఉండదు. ఇందులో అబద్ధం ఉండనక్కర్లేదు. కొన్నిసార్లు చిక్కు డాక్టరు చెప్పిన అంకెలోనే ఉంటుంది.

హార్వర్డ్‌లో శిలాజాలను అధ్యయనం చేసిన స్టీఫెన్ జే గూల్డ్‌కు 1982లో పొత్తికడుపు పొరలో అరుదైన క్యాన్సర్ బయటపడింది. లైబ్రరీకి వెళ్లి చదివితే ఆ జబ్బు బయటపడ్డాక మధ్యస్థ ఆయుర్దాయం 8 నెలలని ఉంది. ఎనిమిది నెలల్లో పోతానని ఇంకొకరైతే అర్థం చేసుకునేవారు. గూల్డ్ లెక్కలు తెలిసినవాడు. సగం మంది 8 నెలల లోపు పోతారని అంటే మిగతా సగం ఆ తర్వాత పోతారనే. ముందు సగం 0 నుంచి 8 మధ్య ఇరుకున ఉండాలి. వెనక సగానికి ఆ కట్టడి లేదు, తోక ఎంత పొడవైనా సాగుతుంది. తన వయసు, తనకు అందుతున్న చికిత్స చూసుకుంటే ఆ తోకలో తాను ఉండే అవకాశం బాగానే ఉందని లెక్కేసుకున్నాడు. ఇంకో ఇరవై ఏళ్లు బతికి 2002లో వేరే క్యాన్సర్‌తో పోయాడు. మన ఆసుపత్రి వరండాల్లో ‘ఆరు నెలలు’ అన్న మాట గడువుగా వినిపిస్తుంది. ఏడో నెలలో బతికున్న ప్రతివాడూ ఒక మహిమ అవుతాడు.

దీన్ని పద్ధతిగా పరిశీలించే చోటు ఒకటుంది, అదీ ఒక పుణ్యక్షేత్రంలోనే. ఫ్రాన్సులోని లూర్దు. విజయవాడ గుణదల కొండ మీద కొలువున్నది ఆ లూర్దు మాతే కాబట్టి తెలుగువారికి ఆ పేరు పరిచయమే. 1858 నుంచి అక్కడికి రోగులు వెళుతున్నారు. 1883 నుంచి అక్కడ ఒక వైద్య కార్యాలయం నడుస్తోంది. నయమైందని చెప్పేవాళ్ల కాగితాలన్నీ డాక్టర్లు తిరగేస్తారు. జబ్బు ప్రాణాంతకమో, నయం కావడం కష్టమైనదో అయి ఉండాలి. నిర్ధారణ పక్కాగా ఉండాలి. గుణం హఠాత్తుగా, పూర్తిగా కనిపించాలి, తిరగబెట్టకూడదు. వాడిన మందుల వల్ల తగ్గిందనే వీలు ఉండకూడదు. ఏడు వేలకు పైగా కేసులు నమోదైతే 2018 నాటికి చర్చి అద్భుతాలుగా ఒప్పుకున్నవి 70. ఏ హేతువాది తయారు చేసినా జల్లెడ ఇంతకన్నా సన్నగా ఉండదేమో.

అక్కడి పని విభజన ఇంకా ఆసక్తికరం. డాక్టర్ల సంఘం అద్భుతమని ఎన్నడూ అనదు. ‘ఇప్పటి వైద్యజ్ఞానంతో దీన్ని వివరించలేం’ అని మాత్రమే సంతకం పెడుతుంది. అద్భుతమని ప్రకటించేది రోగి సొంత ప్రాంతపు బిషప్పు. లోకం గురించిన మాట ఒక కార్యాలయానిది, అర్థం గురించిన మాట ఇంకో కార్యాలయానిది. మన టీవీ చర్చల్లో ఈ రెండు కుర్చీల్లోనూ ఒకే మనిషి కూర్చుంటాడు.

‘ఇప్పటి జ్ఞానంతో వివరించలేం’ అన్న మాట దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లినవాళ్ల కథలు రెండున్నాయి. విచిత్రంగా ఆ రెండూ ఒకచోట కలుస్తాయి.

మొదటిది సంకటి కథ. 1819 వేసవిలో ఇటలీలోని పాదువా నగరం దగ్గర లెన్యారో అనే పల్లెలో ఒక రైతు ఇంట్లో వండి పెట్టిన మొక్కజొన్న సంకటి మీద నెత్తుటి మరకలు లేచాయి. పొలెంతా అనే ఆ సంకటే అక్కడి పేదల రోజువారీ తిండి. పారబోసి మళ్లీ వండినా మళ్లీ ఎర్రబడింది. ఇంకొన్ని ఇళ్లకూ పాకింది. ఊరు వణికిపోయింది, ఇది దయ్యం పనే అంది. బార్తలోమియో బిట్సియో అనే యువ ఔషధ శాస్త్రవేత్త ఆ మరకలను తాజా సంకటి మీద చల్లి, తడిగా, వెచ్చగా ఉంచాడు. రోజు తిరిగేసరికి అదీ ఎర్రబడింది. ఎండబెట్టిన సంకటి మీద రాలేదు. అది నెత్తురు కాదు, పెరిగే ప్రాణి అని తేల్చి, 1823లో దానికి సెరాషియా మార్సెసెన్స్ అని పేరు పెట్టాడు. సూక్ష్మజీవుల వల్ల జబ్బులు వస్తాయని పాశ్చర్, కోచ్ లోకాన్ని ఒప్పించడానికి అప్పటికి ఇంకా దశాబ్దాల దూరం ఉంది. 1263లో బోల్సెనా చర్చిలో పూజ చేస్తున్న గురువు చేతిలోని రొట్టె మీద నెత్తురు కనిపించిందన్న ప్రసిద్ధ కథకూ ఇదే సూక్ష్మజీవి కారణం కావచ్చని చాలామంది అనుకుంటారు. ఏడు వందల ఏళ్ల నాటి రొట్టెను ఇప్పుడు పరీక్షించలేం గనక అది అనుమానంగానే ఉంటుంది. బాత్రూం మూలల్లో, టైల్స్ సందుల్లో అప్పుడప్పుడు పేరుకునే గులాబీరంగు జిగట చాలాసార్లు ఈ సెరాషియాయే. అక్కడ దాన్ని ఎవరూ మహిమ అనరు, బ్రష్షు పెట్టి రుద్దుతారు.

రెండోది న్యూయార్కులో విలియం కోలీ అనే యువ సర్జన్ కథ. 1890 ప్రాంతంలో అతని దగ్గర ఎముక క్యాన్సర్‌తో చేరిన పడుచుపిల్ల, చెయ్యి తీసేసినా దక్కలేదు. అది మనసులోంచి పోక ఆసుపత్రి పాత రికార్డులన్నీ తిరగేశాడు. ఒక రోగి కాగితాలు అతన్ని ఆపాయి. మెడ మీద గడ్డ కోసిన కొద్దీ మళ్లీ పెరుగుతోంది, ఇక లాభం లేదని వదిలేశారు. అంతలో అతనికి చర్మం ఎర్రగా కందిపోయి జ్వరం తెచ్చే ఎరిసిపెలాస్ అనే జబ్బు పట్టుకుంది. జ్వరం తగ్గేసరికి గడ్డ కనిపించలేదు. దేవుడి దయ అని మూసేయదగ్గ ఫైలు. కోలీ మూయలేదు. మన్‌హాటన్ పేదల వాడల్లో ఇల్లిల్లూ తిరిగి ఆ మనిషిని పట్టుకున్నాడు. ఏడేళ్లయినా గడ్డ తిరిగి రాలేదు.

1891లో కోలీ అదే జబ్బు తెచ్చే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాను కావాలనే ఒక క్యాన్సర్ రోగికి ఎక్కించాడు. ఇప్పుడైతే ఏ నైతిక కమిటీ ఒప్పుకోదు. విపరీతమైన జ్వరం వచ్చింది, గడ్డ కరిగింది, రోగి ఏళ్ల తరబడి బతికాడు. బతికున్న బ్యాక్టీరియాతో ప్రమాదం ఎక్కువని తర్వాత వేడిచేసి చంపిన బ్యాక్టీరియాల మిశ్రమం తయారు చేశాడు. అందులో స్ట్రెప్టోకాకస్‌కు తోడు రెండో సరుకు ఏమిటంటే, లెన్యారో సంకటిని ఎర్రబరచిన సెరాషియాయే.

కోలీ మందు కొందరి మీద పనిచేసింది, చాలామంది మీద చేయలేదు. ఎందుకో ఆయనా చెప్పలేకపోయాడు. రేడియేషన్ వచ్చాక దాన్ని పట్టించుకునేవాళ్లు కరువయ్యారు. 1936లో ఆయన పోయేనాటికే అది పాతబడిన ముచ్చట. కూతురు హెలెన్ ఆయన కేసు కాగితాలన్నీ జల్లెడ పట్టి, 1953లో క్యాన్సర్ పరిశోధనకు ఒక సంస్థను నిలబెట్టింది. బ్యాక్టీరియా మీదికి లేచిన రోగనిరోధక వ్యవస్థ ఆ ఊపులో క్యాన్సర్ మీదా పడుతుందన్నది ఇప్పటి అవగాహన. నిరోధక కణాలకు సహజంగా కొన్ని బ్రేకులుంటాయని, వాటిని వదులు చేస్తే ఆ కణాలు క్యాన్సర్‌ను తరుముతాయని చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది.

అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో చర్మ క్యాన్సర్ మెదడుకు పాకింది, వయసు తొంభై దాటింది. రేడియేషన్‌తో పాటు బ్రేకు వదులు చేసే మందు ఇచ్చారు. నాలుగు నెలల్లో స్కానింగులో మచ్చ కనిపించలేదు. ఆయన 2024 డిసెంబరులో, నూరేళ్లు నిండాక పోయారు. ఇదే మందు తీసుకున్న రోగుల్లో అసలు స్పందనే లేనివాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే పరిశోధకులు ఇప్పుడు గుణం కనిపించినవాళ్ల గడ్డల్లో ఎన్ని జన్యు మార్పులున్నాయో లెక్కపెడుతున్నారు, గడ్డ కణాల మీద ఏ ప్రొటీన్ ఎంత ఉందో చూస్తున్నారు, పేగుల్లో ఏ బ్యాక్టీరియా ఉందో కూడా పరీక్షిస్తున్నారు.